పదకొండో పంపుహౌసులో పాత ఫైలు

నగర నీటి సరఫరా సంస్థ ప్రధాన కార్యాలయం రెండో అంతస్తులో కంప్యూటర్ విభాగానికి అధిపతిగా ఉన్న ఆయనను అందరూ శుభ్రం సారు అనేవారు. ఎదుట ‘సార్’ అని మాత్రమే అని, మిగిలిన సగం మెట్ల దగ్గరికి వచ్చాక పూర్తి చేసుకునేవారు. ఆయన బల్ల మీద ఒక కలం, ఒక గ్లాసు, ఒక తుడుపుగుడ్డ తప్ప నాలుగో వస్తువును చూసినవాళ్లు లేరు. ఏ కాగితం వచ్చినా సంతకం చేసి పక్క బల్ల మీదికి పంపేసేవాడు. చదవడానికని ఉంచుకుంటే బల్ల మీద చోటు పోతుంది మరి.

పక్క బల్ల ఆమెది. నలభై రెండు పంపుహౌసుల్లో లినక్స్ అనే వ్యవస్థతో నడిచే నలభై రెండు కంప్యూటర్లున్నాయి. వాటిలో నడిచే ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి, ఉన్నచోటు నుంచే వాటిలోకి దింపడం ఆమె ఉద్యోగం. అందువల్ల ఆమెకు పొట్లాలమ్మ అన్న పేరు పడింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అభ్యంతరం లేదు. కట్టడం చేతగానివాళ్ల పొట్లాలు ఎక్కడెక్కడ విప్పుకుపోయాయో పన్నెండేళ్లుగా చూస్తున్నది కనుక, ఆ పేరులో ఆమెకు కాస్త గౌరవమే కనిపించేది.

ఒక సోమవారం పొద్దున శుభ్రం సారు ఆమెను పిలిచి, గోడకున్న కంప్యూటర్ తెర మీద ఒక పేరును కలంతో చూపించాడు.

“ఏంటమ్మా ఇది?”

“పీడనం ఫైలు సార్. పంపు ఎంత ఒత్తిడి దాకా నీళ్లను తోయొచ్చో ఆ అంకె ఇందులో ఉంటుంది.”

“కొత్త వర్షన్ దీన్ని చదవదన్నావు కదా.”

“చదవదు సార్. ఇక మీదట ఆ అంకెలన్నీ మన సర్వర్ నుంచే వెళ్తాయి. గురువారం పంపేది అదే.”

“ఎవరూ చదవనిది అక్కడ ఎందుకుండాలి?”

ఈ సూత్రాన్ని ఈ కార్యాలయానికే వర్తింపజేస్తే ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో ఆమె మనసులో ఒకసారి చూసుకొని, పైకి మాత్రం లినక్స్ మర్యాదను వివరించింది. ప్రోగ్రాము విషయంలో ఆ వ్యవస్థ ఎవరినీ అడగదు. పాతది తీసి కొత్తది పెట్టేస్తుంది. అమరికల ఫైలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఆ యంత్రం ముందు కూర్చునే మనిషి అందులో ఏదైనా మార్చుకొని ఉండవచ్చునని దాని అనుమానం. కనుక కొత్త వర్షన్‌కు ఆ ఫైలుతో పని లేకపోయినా, తనంతట తాను తుడవదు, ఉన్నచోటే వదిలేస్తుంది. అలా ఏళ్లు గడిచేసరికి ప్రతి యంత్రంలోనూ కాలం చెల్లిన ఫైళ్లు పోగుపడతాయి.

వీటి విషయంలో మనుషులు రెండు మతాలుగా చీలిపోయారని ఆమె ఎప్పుడో గ్రహించింది. మొదటి మతంవారు వాటిని ముట్టుకోరాదంటారు. పెద్దలు పెట్టినదంటే ఏదో కారణం ఉండే ఉంటుందని, కదిలిస్తే నీళ్లు ఆగిపోతాయని వారి విశ్వాసం. రెండో మతంవారు సమూలంగా తుడిచేయాలంటారు. పాతది పోతేనే కళ వస్తుందని వారి విశ్వాసం. రెండు మతాలకూ ఉమ్మడి ఆచారం ఒక్కటే, ఫైలు తెరిచి లోపల ఏముందో చూడకపోవడం.

శుభ్రం సారు రెండో మతానికి పీఠాధిపతి.

“నువ్వు ఇబ్బంది పడక్కర్లేదు, నేనే రాశాను,” అని ఆయన ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఒకే ఒక వరుస ఉంది. తుడిచెయ్యమన్న ఆజ్ఞ, ఆ ఫైలు పేరు, పేరు చివర నక్షత్రం గుర్తు. ఆ పేరుతో మొదలయ్యేవన్నీ, వాటి వెనక ఏ తోక తగిలించి ఉన్నా సరే, అడగకుండా తుడిచెయ్యమని ఆ నక్షత్రానికి అర్థం.

“ఇన్‌స్టాల్ మొదలయ్యే ముందే ఇది నడవాలి. నలభై రెండింటిలోనూ. ఒక్కటి కూడా మిగలకూడదు.”

“పదకొండో నంబరు గదికి సీలు వేసుంది కదా సార్. విచారణ ఉంది.”

“గదికి వేశారు సీలు, ప్యాకేజీకి కాదుగా. విచారణాధికారి అనుమతి నేను తీసుకుంటాను,” అని ఆయన, ఆమె వైపు ఒక క్షణం ఎక్కువ చూశాడు. “పదకొండు అంటే... మీ బావగారిది కదూ?”

“అవును సార్.”

“అందుకే అడిగాను,” అని తుడుపుగుడ్డ అందుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె అక్క ఇంటికి వెళ్లింది. తలుపు తీస్తూనే అక్క మొదలుపెట్టింది.

“రావే. మీ బావ ఇంట్లో ఉన్న ఈ పంతొమ్మిది రోజుల్లో, కారని కుళాయిని మూడుసార్లు బాగుచేశాడు. ఇవాళ్టి నుంచి కారుతోంది.”

వంటగదిలో నేల మీద రెంచీలు పరుచుకొని కూర్చున్న బావ తల ఎత్తలేదు. “విన్నావా మరదలా? నా మీద ఒక విచారణ చాలదని మీ అక్క ఇంట్లో ఇంకోటి వేసింది. ఇందులో అప్పీలు కూడా లేదు.”

పదకొండో పంపుహౌసు ఆపరేటరుగా అతనికి ఇరవై నాలుగేళ్ల సర్వీసు. పంతొమ్మిది రోజుల క్రితం, అతను డ్యూటీలో ఉండగా, పాత పుస్తకాల దుకాణాల వీధి కింద గొట్టం పగిలింది. గంటన్నర సేపు మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. కింది అరల్లో ఉన్న పుస్తకాలన్నీ ఉబ్బి, అట్టలు విచ్చుకుని, బయటికి కొట్టుకొచ్చాయి. యంత్రం చిట్టా చూస్తే పంపు ఆరు అంకె దాకా ఒత్తిడి పెట్టినట్టు ఉంది. ఆ గొట్టం వయసుకు ఆరు ఎక్కువని ఇప్పుడు అందరికీ తెలిసింది. తెలియవలసినవాడు ఆపరేటరు కనుక, అతను ఒత్తిడిని అదుపు చేయలేదనీ, గొట్టం బలహీనంగా ఉందని ఎన్నడూ హెచ్చరించలేదనీ అభియోగం మోపి, సస్పెండు చేశారు. వచ్చే సోమవారం విచారణ. తప్పు రుజువైతే ఉద్యోగం ఊడుతుంది.

“నేను పెట్టింది నాలుగు,” అన్నాడు బావ. ఆ వాక్యాన్ని పంతొమ్మిది రోజులుగా అంటూ ఉండటం వల్ల అందులో జీవం తగ్గింది. “ఎందుకు పెట్టానో కూడా రాశాను. తేదీ వేశాను. కింద పేరు రాశాను.”

“ఎక్కడ రాశారు బావా? ఈ గోలలో ఆ మాట అడగడమే కుదరలేదు.”

“ఆ ఫైల్లోనే. అంకె పైన. వరుస మొదట నంబరు గుర్తు పెట్టి రాస్తే మిషను దాన్ని పట్టించుకోదని నువ్వే చెప్పావుగా ఒకసారి. మిషను పట్టించుకోదు, మనుషులు చదువుతారు అన్నావు.”

“రిజిస్టరులో రాయొచ్చుగా?”

“రిజిస్టరు అయిపోయి మూడేళ్లు. కొత్తది అడిగితే, అంతా కంప్యూటరే కదా అన్నారు. సరే అని కంప్యూటర్లోనే రాశా. అర్జీ కూడా పెట్టాను. మీ సారు బల్ల ఎంత నున్నగా ఉంటుందో నీకు తెలుసుగా. జారిపోయింది, నీ బల్ల దాకా రాకుండానే.”

అక్క స్టవ్ ఆర్పి ఇటు తిరిగింది. “నిన్న పుస్తకాల వీధిలోంచి వచ్చాం. ఎప్పుడూ కూర్చోమని కుర్చీ వేసే ఆ అట్టలు కుట్టే పెద్దాయన, మీ బావను చూసి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాడు. ఆ తలుపు సంగతి చెప్పు.”

బావ కుళాయికి ఇంకో చుట్టు బిగించాడు.

గురువారం సంగతి ఆమె చెప్పింది. నక్షత్రం గుర్తుతో సహా చెప్పింది. చెప్పడం పూర్తికాకముందే అక్క దారి చూపించింది.

“దాందేముంది? ఆ ఒక్క మిషన్నీ వదిలెయ్యి. లేదా ముందే ఆ ఫైలు కాపీ తీసెయ్యి.”

“సీలు వేసిన మిషన్లోంచి ఆపరేటరు మరదలు కాగితం పట్టుకొస్తే దాన్ని సాక్ష్యం అనరక్కా. ఆవిడ కూర్చుని రాసుకొచ్చింది అంటారు. ఆ ఒక్కదాన్నీ వదిలినా అదే అంటారు.”

“అయితే ఏం చేస్తావు?”

“అన్నిటికీ ఏం చెయ్యాలో దానికీ అదే చేస్తాను. సరిగ్గా చేస్తాను.”

“ఇంత చదువూ చదివి చివరికి ఇదా?” అంది అక్క.

మరునాడు ఉదయం ఆమె తన బల్ల ముందు కూర్చొని, ఒక తప్పుడు పని చేసి చూసింది. పదకొండో యంత్రమైతే ఆ ఫైలును ముట్టుకోవద్దని ఒక షరతు రాసింది. మూడే మూడు వరుసలు. చదివి చూసుకుంటే చక్కగా ఉంది. ఎవరైనా ఎప్పుడైనా ఆ ప్యాకేజీ విప్పి చూస్తే, అందులో ఆమె చుట్టరికం మూడు వరుసల్లో ముచ్చటగా కనిపిస్తుంది. ఆ వరుసలు చెరిపేసి, ఏ యంత్రానికీ చుట్టం కాని పద్ధతిని రాయడం మొదలుపెట్టింది.

ఆ పద్ధతి ఆమె కనిపెట్టింది కాదు. లినక్స్ ప్యాకేజీలు కట్టేవాళ్ల కోసం ఎవరో బుద్ధిమంతులు ఏనాడో చేసిపెట్టిన పనిముట్టు. దాన్ని మూడు చోట్ల పిలవాలి. మొదట, కొత్త వర్షన్ దిగకముందు. అప్పుడు అది పాత ఫైలును కార్యాలయం పంపినదాంతో పోల్చి, మనిషి చెయ్యి పడిందా లేదా అని చూసి, తుడవకుండా పేరు మార్చి పక్కన పెడుతుంది. రెండోసారి, కొత్త వర్షన్ క్షేమంగా కుదురుకున్నాక. చెయ్యి పడని ఫైలైతే అప్పుడు తుడుస్తుంది. చెయ్యి పడినదైతే, పేరు వెనక ఒక తోక తగిలించి భద్రపరుస్తుంది. మూడో చోటు, మధ్యలో ఏదైనా బెడిసికొడితే. పక్కన పెట్టినదాన్ని ఏమీ జరగనట్టు తెచ్చి యథాస్థానంలో ఉంచుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరిచిపోయినా మిగతా రెండూ అలంకారప్రాయమే.

శుభ్రం సారు ఆ మూడు చోట్లనూ చూసి ముఖం చిట్లించాడు.

“ఒక్క వరుసతో అయ్యేదానికి ఇంత హంగామా ఏంటమ్మా?”

“ఒక్క వరుసతో ఏమవుతుందో చూద్దామా సార్?”

పరీక్షల కోసం ఉంచిన యంత్రం ఒకటి మూలన ఉంది. పంపుహౌసుల్లోని యంత్రాలన్నిటిలాగే దానికీ డిస్కు చిన్నది. ఆమె ఆ డిస్కును దాదాపు నిండేదాకా నింపింది. నింపడానికి వాడింది శుభ్రతపై సారు పదేళ్లుగా పంపిన ఉత్తర్వులను. ఒక్కొక్కటీ కొన్ని వందల ప్రతులు చేస్తే సరిపోయింది. తర్వాత సారు వరుసతో కట్టిన ప్యాకేజీని దించింది. పాత ఫైలు తుడిచిపెట్టుకుపోయింది. కొత్త వర్షన్ సగం దిగి, చోటు చాలక ఆగిపోయింది. యంత్రం పాత ప్రోగ్రామునే మళ్లీ నడిపింది. దానికి కావలసిన ఫైలు లేదు కనుక, తయారీలోనే పెట్టిన పది అన్న అంకెను ఎత్తుకుంది. దాని పక్కనున్న నమూనా మీటరు ముల్లు నిబ్బరంగా పదికి వెళ్లి నిలబడింది.

“ఇది పుస్తకాల వీధైతే...” అని ఆమె ఆగింది.

“తెలుస్తోంది, తెలుస్తోంది,” అన్నాడు సారు.

రెండోసారి, పాత ఫైలును నాలుగు అంకెతో మళ్లీ పెట్టి, తన పద్ధతితో కట్టినదాన్ని దించింది. అదే చోట ఆగిపోయింది. కానీ ఆగిపోగానే పాత ఫైలు వచ్చి తన చోట కూర్చుంది. ముల్లు నాలుగు దగ్గరే ఉంది.

శుభ్రం సారు చాలాసేపు ముల్లును చూశాడు. ఆయనను ఒప్పించింది మాత్రం ముల్లు కాదు. ఆ మధ్యాహ్నమే విచారణాధికారి నుంచి అనుమతిపత్రం వచ్చింది. ఆనకట్టల మీద ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన ఆ ఇంజనీరమ్మ, సీలు వేసిన యంత్రంలో కొత్త వర్షన్ దించుకోవచ్చునంటూనే ఒక షరతు పెట్టింది. దించకముందు ఏయే ఫైళ్లు ఉన్నాయో, దించాక ఏవి ఉన్నాయో పేరుపేరునా జాబితా కావాలి. పదకొండో నంబరు జాబితా ఇంకెవరి కంటా పడకుండా నేరుగా తనకే చేరాలి.

“నక్షత్రం పెడితే ఏది తుడిచామో మనం పేరుపేరునా చెప్పలేం సార్,” అంది ఆమె. “ఇలా అయితే నలభై రెండింటికీ జాబితా వస్తుంది. ముందు ఇంత చెత్త, తర్వాత ఇంత శుభ్రం అని మీరే విచారణలో చదివి వినిపించొచ్చు.”

ఆయన కళ్లు మెరిశాయి. “శుభ్రతా నివేదిక అని పేరు పెట్టు,” అన్నాడు.

ఆయన కుట్ర చేస్తున్నాడని అక్కకు గట్టి నమ్మకం. ఆమె మాత్రం ఒక్క క్షణం కూడా అలా అనుకోలేదు. కుట్ర చేయడానికి అవతలివాళ్ల కాగితాలు చదవవలసి ఉంటుంది.

గురువారం పదకొండు గంటలకు ప్యాకేజీ బయలుదేరింది. భోజనాల వేళకు నలభై రెండు యంత్రాలూ జవాబిచ్చాయి. పూర్తి జాబితాలు తర్వాత సంగతి, ముందుగా ఒక్కో యంత్రం నుంచి ఒక్కో మాట వచ్చింది. ‘తుడిచాను’ లేదా ‘భద్రపరిచాను’. చెయ్యి పడని ఫైళ్లు ఇరవై తొమ్మిది. చెయ్యి పడినవి పదమూడు.

ఆమె ఆ పదమూడు నంబర్లనూ రెండుసార్లు చదివింది. అందులో పదకొండు లేదు.

పదకొండో నంబరు ఎదుట ‘తుడిచాను’ అని ఉంది.

అంటే ఆ ఫైలుకూ, కార్యాలయం పంపిన ఫైలుకూ అక్షరం తేడా లేదు. అంటే దాని మీద ఏ మనిషి చెయ్యీ పడలేదు. అంటే అందులో నాలుగూ లేదు, తేదీ లేదు, పేరూ లేదు. రుజువు లేనిదేదీ నమ్మకూడదని జీవితమంతా ఎదుటివాళ్లకు చెబుతూ వచ్చిన మనిషికి, రుజువు వచ్చి సొంత బావ మీద కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం తెలిసింది. అన్నం డబ్బా మూత తియ్యకుండానే మళ్లీ సంచిలో పెట్టింది. ఆ పద్ధతి ఎవరికీ చుట్టం కాదని మొన్ననే మురిసిపోయింది తనే.

మిగతా పదమూడు ఫైళ్లూ తెరిచి చదివింది, చేయడానికి ఇంకేమీ తోచక. మూడో నంబరు ఆపరేటరు అంకెల మధ్య తన కూతురి ఫోన్ నంబరు రాసుకున్నాడు. తొమ్మిదిలో ఒకాయన, అంకె ఆరు అయితే తనకు అచ్చిరాదని ఐదున్నర పెట్టుకున్నట్టు నిజాయితీగా ఒప్పుకున్నాడు. ముప్ఫైలో ఒకాయన దిష్టి తగలకుండా ఫైలు నాలుగు మూలలా చుక్కలు పెట్టాడు. ఇరవై నాలుగులో ఎవరో చాలా పొడవుగా రాసిపెట్టారు. దాన్ని ఆమె సగమే చదివి మూసేసింది. పదమూడుమంది పిచ్చివాళ్లు రాసుకున్న చోట తన బావ ఒక్కడే రాయలేదు కాబోలు.

ఆఫీసు విడిచిన వెంటనే అక్క ఇంటికి వెళ్లింది. ఈసారి కూర్చోలేదు.

“బావా, ఒక్కటే అడుగుతాను. అబద్ధమైతే ఇప్పుడే చెప్పండి. నేను ఎవరికీ చెప్పను, కానీ నాకు తెలియాలి. ఆ ఫైల్లో మీరు నిజంగా రాశారా?”

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. బావ మాత్రం కోపగించుకోలేదు. అది ఆమెకు మరీ కష్టమనిపించింది.

“రాశాను.”

“మిషను మీరు ముట్టుకోలేదంటోంది.”

“మిషనుకేం, నాకు లేని సమస్యలుంటాయి దానికి.” అతను రెంచీని పక్కన పెట్టాడు. “పోయిన ఎండాకాలం మీరొకటి పంపారు కదా, కొత్త వర్షన్. అప్పుడు మా మిషను తెర మీద ఏదో అడిగింది.”

“ఏమడిగింది?”

“ఇంగ్లీషులో పెద్ద ప్రశ్న. వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని. మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది కదా, ఏమడిగినా వై నొక్కండి, ఆలోచించొద్దు అని. నొక్కాను.”



ఆ కాగితం ఆమెకు గుర్తుంది. శుభ్రం సారు రాశాడు. ‘అప్‌గ్రేడ్ సమయంలో తెరపై వచ్చే ప్రతి ప్రశ్నకూ వై అని జవాబివ్వవలెను. ఆపరేటర్లు స్వంత ఆలోచన చేయరాదు.’ ఆమె దాన్ని చూసింది. తప్పని తెలుసు. తాను రాసింది కాదు కదా అని పక్కకు జరిపింది. ఆనాడు ఆ యంత్రం అడిగిన ప్రశ్నను తెలుగులో చెబితే ఇంతే. ‘ఈ ఫైలును మీరు మార్చుకున్నారు. మీదే ఉంచమంటారా, దాని బదులు మాది పెట్టమంటారా?’ ఏ జవాబూ ఇవ్వకుండా ఎంటర్ కొట్టినా అది మనిషి రాసుకున్నదాన్నే ఉంచుతుంది. దాని మర్యాద అది. వై నొక్కితే, మీ ఇష్టం అని కార్యాలయం వారిది పెడుతుంది. కార్యాలయం వారి ఫైల్లో అంకె ఆరు.

“అయితే నాలుగును ఆరు చేసింది నేనేనా?” అన్నాడు బావ మెల్లగా.

“నొక్కింది మీరు. నొక్కించింది మేము.”

“మరి నేను రాసింది పోయినట్టేగా?”

ఆమె ఆ సాయంత్రం మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“పోదు. వై నొక్కినా అది పాతదాన్ని పారెయ్యదు బావా. అదే పేరు వెనక ‘ఓల్డ్’ అన్న తోక తగిలించి పక్కనే ఉంచుతుంది. నా పనిముట్టు తుడిచేది నేను చెప్పిన పేరును మాత్రమే. తోకల జోలికి పోదు.”

“ఇంకోటేదో అన్నావు, నక్షత్రం...”

“నక్షత్రమైతే తోకతో సహా మింగేసేది.”

అక్క గరిటె కింద పెట్టింది. “ఉందా మరి ఆ తోక ఫైలు? చూశావా?”

“లేదక్కా. పదకొండో జాబితా నాకు రాదు. నేరుగా ఆవిడకే వెళ్లింది. ఏడాదిలో ఇంకెవరైనా శుభ్రం చేసి ఉంటే తప్ప, ఉండాలి.”

“ఉండాలి అంటే?”

“ఉండాలి అంటే ఉంటుందని కాదు.”

“నువ్వెప్పుడూ ఇంతే,” అంది అక్క. ఆ రోజు కంచం మాత్రం ముందు చెల్లెలికే పెట్టింది.

సోమవారం విచారణ సమావేశపు గదిలో జరిగింది. పొడవాటి బల్ల ఒక చివర ఇంజనీరమ్మ, ఎడమవైపు శుభ్రం సారు, కుడివైపు ఇస్త్రీ చొక్కాలో బావ. సాంకేతిక ప్రశ్నలేమైనా వస్తే జవాబు చెప్పడానికని ఆమెకు గోడ పక్కన కుర్చీ వేశారు. ఇంజనీరమ్మ ముందు మూసిన కవరు ఒకటి ఉంది. ఆవిడ దాన్ని అందరి ఎదుటా చింపి, లోపలి కాగితాన్ని శుభ్రం సారు వైపు జరిపింది.

“మీ నివేదికే కదా. మీరే చదవండి. నాకు దగ్గరి చూపు సరిగా ఆనదు.”

శుభ్రం సారు గొంతు సవరించుకున్నాడు. ఆయన జీవితంలో ఒక కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివిన సందర్భం బహుశా ఇదే. శ్రద్ధగా, విరామాలు పాటిస్తూ చదివాడు. ముందు ఉన్నవి ఇన్ని. తొలగించినది ఒకటి, పీడనం ఫైలు. తర్వాత ఉన్నవి ఇవి.

“...పీడనం ఫైలు, చుక్క, డీపీకేజీ, ఓల్డ్...” అని ఆయన ఆగి, కనుబొమలు ముడిచాడు. “ఇది మిగిలిపోయినట్టుంది మేడమ్. నేను మొదట చెప్పిన విధంగా చేసి ఉంటే ఇదీ పోయేది. క్షమించండి, ఈ సాయంత్రానికల్లా తీసేయిస్తాను.”

“తీసేద్దురుగాని,” అంది ఇంజనీరమ్మ. “ముందు అదేమిటో తెలియాలి కదా. ఏమ్మా, ఏమిటది?”

ఆమె లేచి నిలబడి చెప్పింది. అప్‌గ్రేడ్‌లో ఆపరేటరు తన ఫైలును వదులుకున్నప్పుడు, వ్యవస్థ దాన్ని ఆ పేరుతో దాచుతుందని. తారీకు కూడా చెరగదని. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. బావ వైపు చూడలేదు.

ఇంజనీరమ్మ ఆజ్ఞ మీద ఆ ఫైలును అక్కడే గోడ మీది తెరపై తెరిచారు. ముందు కొన్ని వరుసలు కార్యాలయం వారివి. తర్వాత, నంబరు గుర్తు పెట్టి, ఆపరేటరు అక్షరాలు:

‘పుస్తకాల వీధి గొట్టం నాసిగా ఉంది. రెండు చోట్ల చెమ్మ చూశాను. బాగుచేసేదాకా నాలుగు దాటించొద్దు. నా తర్వాత వచ్చేవాళ్లు దయచేసి చదవండి. అర్జీ ఇచ్చాను, జవాబు రాలేదు.’

కింద పేరు. తేదీ రెండేళ్ల కిందటిది. ఫైలు మీద వ్యవస్థ వేసిన తారీకూ అదే. ఆ కింద అంకె: నాలుగు.



“నాలుగు ఉన్నచోట ఆరు ఎలా వచ్చింది?” అని ఇంజనీరమ్మ అడిగింది.

“వై నొక్కానండి,” అన్నాడు బావ. “ఏమడిగినా వై నొక్కమని కాగితం పంపారు.”

“ఎవరు పంపారు?”

నీటి సరఫరా సంస్థలో నీళ్లకు కొదవ లేదు కనుక శుభ్రం సారు చాలాసేపు నమిలాడు. ఆ కాగితం దొరకడానికి మాత్రం ఎక్కువ సమయం పట్టలేదు. ఆయన దగ్గర లేదు గాని, పక్క బల్ల సొరుగులో ఉంది. దాని మీద ఆయన సంతకంతో పాటు, చూసినట్టుగా ఆమె పొడి సంతకం కూడా ఉంది. ఇంజనీరమ్మ రెండు సంతకాలనూ చూసి, కళ్లజోడు తీసి, ఆమె వైపు చూసింది. ఆమె తల దించుకోలేదు గాని, దించుకుని ఉంటే బాగుండేదనిపించింది.

తీర్పు నాలుగు రోజులకు వచ్చింది. ప్రభుత్వ కాగితానికి తగినంత విచిత్రంగానే వచ్చింది. ఆపరేటరు తప్పు లేదు, వెంటనే విధుల్లో చేరవచ్చు. అయితే హెచ్చరికను నిర్ణీత నమూనాలో కాకుండా అమరికల ఫైలులో రాసినందుకు అతన్ని సున్నితంగా మందలించడమైనది. నిర్ణీత నమూనా త్వరలో తయారు చేయబడును. వై నొక్కమన్న ఉత్తర్వు రద్దు. ఉత్తర్వు రాసినవారికీ, చూసి ఊరుకున్నవారికీ చెరొక మెమో.

“మందలించారట మీ బావను,” అంది అక్క ఫోనులో. “కుళాయి విప్పి చూస్తున్నాడు నవ్వుతూ. రేపే డ్యూటీ. అన్నట్టు పుస్తకాల వీధిలోంచి నడిచి వెళ్తాడట, బస్సెక్కడట.”

“తలుపు?”

“తెరిచాడో లేదో సాయంత్రం చెప్తాను.”

ఆ మర్నాడు శుభ్రం సారు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. పిలవకుండా తానే రావడం అదే మొదలు.

“ఆ భద్రపరిచినవి పదమూడు ఉన్నాయి కదా. వాటినైనా తుడవొచ్చా ఇప్పుడు?”

“తుడవొచ్చు సార్. చదివాక.”

“అన్నీనా?”

“పదమూడే కదా సార్.”

ఆయనకు మెమో గుర్తొచ్చినట్టుంది, వెళ్లి తన బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె పదమూడు కాగితాలూ అచ్చు తీసి ఇచ్చింది. తుడుపుగుడ్డ పెట్టడానికి చోటు చాలక ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఫోన్ నంబరు దగ్గర ముఖం చిట్లించాడు. దిష్టిచుక్కల దగ్గర ఇంకా చిట్లించాడు. గంట తర్వాత, పొడవాటి కాగితం ఒకటి పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆమె సగం చదివి మూసేసిన ఇరవై నాలుగో నంబరుది.

“ఇందులో చూడమ్మా. క్లోరిన్ గది తలుపు మూడేళ్లుగా సరిగా పడటం లేదని, గడియ మార్చమని, ఎవరికి చెప్పినా పట్టించుకోవడం లేదని రాశాడు. ఈ ఏడాదిలోనే నాలుగుసార్లు రాశాడు, నాలుగు తేదీలేసి. ఇది చాలా ప్రమాదం కదా?”

“ప్రమాదమే సార్.”

“మరి ఇది ఎవరికి చెప్పాలి?”

ఆమె ఆ కాగితం తీసుకుని, తాను చదవకుండా వదిలేసిన అడుగు సగాన్ని చదివింది. చివరి వరుస మీద వేలు పెట్టి ఆయన వైపు తిప్పింది. అక్కడ, కంప్యూటర్ విభాగాధిపతి గారికి, అని ఉంది.